‘ఇంట్లోనే ఉండాది’ అంటే లెక్కలో ఏ గడి? ఆడవాళ్ల పని, జీతం, శాతాల కథ

మా మేనత్తది పాకాల దగ్గర ఒక పల్లె. నాలుగు జెర్సీ ఆవులున్నాయి. తెల్లవారుజామున నాలుగున్నరకే లేస్తుంది. పేడ ఎత్తి, కొట్టం కడిగి, దాణా కలిపి, పాలు పిండి, ఆరు కొట్టే లోపల క్యాన్‌ను పాల సెంటర్‌కు పంపాలి. పొద్దెక్కాక గడ్డికి పోతుంది. సాయంత్రం మళ్లీ పాలు.

ఆమధ్య ట్యాబ్ పట్టుకుని ఒక సర్వే అబ్బాయి వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. అరుగు మీద కూర్చున్న మామ జవాబులు చెబుతున్నాడు.

“ఆమె ఏం పని చేస్తారు సార్?”

“ఏం పని లేదబ్బా, ఇంట్లోనే ఉండాది.”

అప్పుడే అత్త గడ్డిమోపు దించుతోంది. అబ్బాయి తలెత్తి చూసి, “మరి ఆవుల్ని ఎవరు చూసుకుంటారు?” అని అడిగాడు. మామ కాసేపు ఆగి, “ఆమే” అన్నాడు. ఆ ఒక్క ప్రశ్నతో అత్త ‘పని చేయని వాళ్ల’ గడిలోంచి ‘పని చేసే వాళ్ల’ గడిలోకి మారింది. ఆ ప్రశ్న అడగకపోయి ఉంటే దేశం లెక్కలో ఆమె గృహిణిగానే మిగిలేది. అడిగినా అడగకపోయినా ఆమె రోజులో ఒక్క నిమిషం కూడా మారలేదు.

ఈ ఏడాది రెండేళ్లుగా ఆడవాళ్ల ఉద్యోగాల గురించి వార్తలు ఎక్కువయ్యాయి. మన ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలైంది. నవంబర్ 21న దేశమంతా పాత కార్మిక చట్టాల స్థానంలో కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చి, సమ్మతి ఉంటే ఆడవాళ్లు రాత్రి షిఫ్టుల్లో పని చేయవచ్చన్నాయి. వీటితో పాటు అంకెలు. ఒకచోట దేశంలో నూటికి 41.7 మంది మహిళలు పనిలో ఉన్నారని చదువుతాం. ఇంకోచోట 34.2 అని ఉంటుంది. మరోచోట 25. చదివేవాళ్లకు టెన్షన్ పుట్టించే సంగతి ఏమిటంటే, ఈ మూడూ ప్రభుత్వ సర్వేల అంకెలే, మూడూ నిజమే.

మూడు అంకెలు, మూడు వేరు వేరు ప్రశ్నలు

ముందు మాటల సంగతి చూద్దాం. ‘శ్రామిక శక్తి’ అంటే పని చేస్తున్నవాళ్లు, పని దొరక్క వెతుక్కుంటున్నవాళ్లు, ఇద్దరూ కలిపి. పదిహేనేళ్లు దాటిన ప్రతి వంద మంది ఆడవాళ్లలో శ్రామిక శక్తిలో ఉన్నవాళ్లెందరో చెప్పేదే ‘భాగస్వామ్య రేటు’. అంటే ఉద్యోగం లేక తిరుగుతున్న అమ్మాయి కూడా ఈ రేటులో ఉంటుంది. అసలు వెతకడమే మానేసిన అమ్మాయి ఉండదు. అందుకే నిరుద్యోగం తగ్గిందన్న వార్త ఒక్కోసారి మంచి వార్త కాదు. వెతికి వెతికి విసిగిపోయి ఇంట్లో కూర్చున్నా నిరుద్యోగం తగ్గినట్టే కనిపిస్తుంది.

ఈ లెక్క తీసేది కేంద్ర గణాంక శాఖ. 2017-18 నుంచి ‘పీఎల్ఎఫ్ఎస్’ (పీరియాడిక్ లేబర్ ఫోర్స్ సర్వే) పేరుతో ఏటా ఈ సర్వే చేస్తోంది. ఇందులో రెండు కొలతలున్నాయి.

ఒకటి, ఏడాది కొలత. గడిచిన 365 రోజుల్లో ఎక్కువ కాలం ఏం చేశారని అడుగుతారు. ఎక్కువ కాలం ఇంట్లోనే ఉన్నా, మధ్యలో కనీసం 30 రోజులు ఏదైనా పని చేసి ఉంటే పని చేసినట్టే రాసుకుంటారు. 2023-24లో వచ్చిన 41.7 శాతం ఈ కొలతతో వచ్చిందే. అదే కొలతలో మగవాళ్లు 78.8.

రెండోది, వారం కొలత. గత ఏడు రోజుల్లో ఏదో ఒక రోజు కనీసం ఒక గంట పని చేశారా అని. 2025 నుంచి ఇది నెల నెలా వస్తోంది. ఆ ఏప్రిల్‌లో మహిళల రేటు 34.2. జూన్ నాటికి 32.0కి దిగింది. రబీ కోతలు అయిపోయి, ఎండలు ముదిరితే పొలం పని ఎక్కడిది?

ఇక మూడోది, 25. అది వేరే సర్వే, 2024 నాటి సమయ వినియోగ సర్వే. నిన్న పొద్దున నాలుగు గంటల నుంచి ఈరోజు పొద్దున నాలుగు దాకా ఏ అరగంట ఏం చేశారో అడుగుతారు. 15 నుంచి 59 ఏళ్ల ఆడవాళ్లలో ఆ ఒక్క రోజు ఉపాధి పనుల్లో గడిపినవాళ్లు నూటికి 25 మంది. మగవాళ్లు 75.

మన మామిడి సీజన్‌తో చూస్తే

చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీలున్నాయి. తోతాపురి దిగిందంటే జూన్, జూలైల్లో పల్లెల నుంచి ఆడవాళ్లు వ్యాన్లలో వెళ్లి కాయలు కడగడం, ఏరడం, కోయడం చేస్తారు. చేతులకు జీడి అంటి పుండ్లు పడతాయి. ఆగస్టు దాటితే ఫ్యాక్టరీ గేటు మూతపడుతుంది.

ఇలా రెండు నెలలు పని చేసిన మనిషి దగ్గరకు జనవరిలో సర్వే వాళ్లు వచ్చారనుకుందాం. ఏడాది కొలతలో ఆమె పని చేసే మనిషే, ఎందుకంటే 30 రోజులు దాటాయి. వారం కొలతలో కాదు. జూలైలో వస్తే రెండింటిలోనూ అవును. మనిషి ఒక్కరే, పని ఒక్కటే. వచ్చిన నెలను బట్టి, అడిగిన ప్రశ్నను బట్టి లెక్క మారింది.

ఇప్పుడు దీన్నే ఒక వీధికి చాపుదాం. పదిమంది ఆడవాళ్లున్న వీధి. ఊహించుకున్నదే అయినా మన ఊళ్లలో ఇలాంటి వీధి లేదని ఎవరూ అనలేరు. మొదటామె ఆవులు మేపి పాలు పోస్తుంది, బిల్లు భర్త పేరు మీద వస్తుంది. రెండో ఆమె వ్యాపారి ఇంటికి పంపిన చింతకాయ కొట్టి, గింజ తీసి, కిలోకు ఇంతని తీసుకుంటుంది. మూడో ఆమె మామిడి ఫ్యాక్టరీకి రెండు నెలలు పోతుంది. నాలుగో ఆమె అంగన్‌వాడీ టీచర్. ఐదో ఆమె దినకూలి. ఆరో అమ్మాయి డిగ్రీ చదివి ఉద్యోగం వెతుకుతోంది. ఏడో ఆమె కట్టెలు తెస్తుంది, ఇంటిల్లిపాదికీ బట్టలు కుడుతుంది. ఎనిమిదో ఆమెకు చంటిబిడ్డ. తొమ్మిదో ఆమె మనవళ్లను చూసుకునే అవ్వ. పదో అమ్మాయి కాలేజీలో చదువుతోంది.

ఏడాది కొలతలో మొదటి ఐదుగురూ పని చేసేవాళ్లు. ఉద్యోగం వెతుకుతున్న అమ్మాయిని కలిపితే ఆరుగురు, అంటే 60 శాతం. జనవరిలో వారం కొలత తీస్తే మామిడి ఆమె పోయి 50. అదే జనవరిలో సొంత చేతికి డబ్బు వచ్చినవాళ్లెవరని అడిగితే చింతపండు ఆమె, అంగన్‌వాడీ టీచర్, కూలికి పోయే ఆమె మాత్రమే. 30 శాతం. ఆ వీధిలో ఊరికే కూర్చున్నవాళ్లెవరూ లేరన్నది ఇంకో సంగతి.

21కి, 93కి మధ్య ఒక గడ్డిమోపు

సర్వే ట్యాబ్‌లో ప్రతి మనిషికీ ఒక కోడ్ పడుతుంది. సొంత పని చేసుకునే వాళ్లకు 11. జీతం లేకుండా ఇంటి పొలానికి, ఇంటి వ్యాపారానికి సాయం చేసేవాళ్లకు 21. నెల జీతగాళ్లకు 31. దినకూలికి 51. పని వెతుకుతుంటే 81. చదువుకుంటుంటే 91. ఇంటిపని మాత్రమే చేస్తే 92. ఇంటిపనితో పాటు కట్టెలు, ఆకుకూరలు, పశువుల మేత ఏరి తెచ్చుకోవడం, ఇంటి వాడకానికి కుట్టడం, నేయడం చేస్తే 93.

21 శ్రామిక శక్తిలో ఉంది. 93 లేదు.

ఇక్కడే చిక్కు. మా అత్త నెత్తిన ఉన్న గడ్డిమోపు అమ్ముడుపోయే పాల కోసమా, ఇంటి కోసమా? ఆవులు నాలుగు, ఒక చెంబెడు పాలు ఇంట్లో కాఫీకి, మిగతావి సెంటర్‌కు. జాగ్రత్తగా అడిగే మనిషి ఆమెకు 21 వేస్తాడు. తొందరలో ఉన్న మనిషి, అందులోనూ అరుగు మీది మగమనిషి చెప్పింది రాసుకునే మనిషి, 92 వేస్తాడు. 21కి, 92-93లకి మధ్య ఉన్న ఈ సన్నని గీత మీద మన దేశంలో కోట్ల మంది ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. గీత కాస్త అటు జరిగితే రేటు పెరుగుతుంది, ఇటు జరిగితే తగ్గుతుంది.

చింతపండు ఆమె కోడ్ ఇంకా విడ్డూరం. సరుకు వ్యాపారిది, రేటు వ్యాపారిది, కొట్టే సుత్తీ నడుము నొప్పీ మాత్రమే ఆమెవి. అయినా తన ఇంట్లో కూర్చుని కిలో లెక్కన చేస్తుంది కాబట్టి సర్వే నిర్వచనం ప్రకారం ఆమె ‘స్వయం ఉపాధి’ పొందుతున్నట్టు. కాగితం మీద సొంత వ్యాపారం చేసుకునే మనిషి. పీఎఫ్, సెలవు, కనీస వేతనం లాంటివేవీ ఆమె దాకా రావు.

వెంకటగిరి మగ్గాల దగ్గరా ఇదే తంతు. చీర నేసేది భర్త అనుకుంటాం. కండెలు చుట్టేది, నూలు సిద్ధం చేసేది భార్య, కూతురు. మజూరీ చీరకు ఇంత అని ఒక్కరి చేతిలోనే పడుతుంది. 2019-20లో జరిగిన నాలుగో చేనేత గణనలో దేశంలోని చేనేత పనివాళ్లలో 72 శాతం పైగా ఆడవాళ్లేనని తేలింది. మగ్గం అనగానే మన కళ్ల ముందు ఇప్పటికీ మగమనిషే కనిపిస్తాడు.

అంతర్జాతీయ కార్మిక సంస్థ ఆధ్వర్యంలో గణాంక నిపుణులు 2013లో ఈ నిర్వచనాలను తిరగరాశారు. వస్తువు తయారు చేసినా, సేవ చేసినా, అది ఎవరి కోసమైనా, అంతా ‘పని’ అన్నారు. అందులో జీతం కోసమో లాభం కోసమో చేసేది మాత్రమే ‘ఉపాధి’. ఆ లెక్కన వంట పనే, పిల్లల్ని పెంచడం పనే, తిరుమల క్యూలైన్లలో శ్రీవారి సేవకులు అన్నం వడ్డించడం కూడా పనే. కానీ వీటిలో ఏదీ ఉపాధి కాదు. రెండు మాటలూ విడదీయడం నాకు చాలా ఉపయోగంగా తోచింది. ‘ఆమె పని చేయదు’ అనే మాట ఈ నిర్వచనం ముందు నిలబడదు. ‘ఆమె పనికి డబ్బు రాదు’ అన్న మాట మాత్రం నిలబడుతుంది.

23 నుంచి 41 దాకా: పెరిగింది ఏది?

పాత సర్వేల్లో 2004-05లో ఈ రేటు 42 దాటి ఉండేది. 2011-12కి 31కి, 2017-18కి 23.3కి పడిపోయింది. అక్కడి నుంచి తిరిగి లేచి 2023-24లో 41.7కి చేరింది. ఆరేళ్లలో ఇంత పెరుగుదల చిన్న విషయం కాదు. పల్లెల్లో 24.6 నుంచి 47.6కి. పట్టణాల్లో 20.4 నుంచి 25.4కి మాత్రమే.

ఈ పెరుగుదలను విప్పి చూద్దాం. 2017-18లో ప్రతి వంద మంది ఆడవాళ్లలో నిజంగా పని చేస్తున్నవాళ్లు 22 మంది. అందులో నెల జీతగాళ్లు 21 శాతం, కూలీలు 27 శాతం, మిగతా 52 శాతం స్వయం ఉపాధి. అంటే వంద మంది ఆడవాళ్లలో సుమారు 4.6 మందికి జీతం, 5.9 మందికి కూలి, 11.4 మందికి స్వయం ఉపాధి.

2023-24లో పని చేస్తున్నవాళ్లు 40.3. జీతగాళ్లు 15.9 శాతం, కూలీలు 16.7, స్వయం ఉపాధి 67.4. వంద మందికి లెక్కేస్తే జీతం 6.4, కూలి 6.7, స్వయం ఉపాధి 27.2.

కొత్తగా లెక్కలోకి వచ్చినవాళ్లు 18 మందికి పైగా. వాళ్లలో దాదాపు 16 మంది స్వయం ఉపాధిలోనే చేరారు. జీతం వచ్చేవాళ్లు పెరిగింది ఇద్దరి కంటే తక్కువ. ఇక ఆ 27 మంది స్వయం ఉపాధి వాళ్లలో సగానికి పైగా, సుమారు 15 మంది, కోడ్ 21 వాళ్లు. ఇంటి పొలంలో, ఇంటి కొట్లో, ఇంటి పాడిలో జీతం లేకుండా సాయం చేసేవాళ్లు.

ఈ వ్యాసంలో నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇదే. 41.7 అబద్ధం కాదు. కానీ అది ‘జీతం తెచ్చుకునే ఆడవాళ్ల’ సంఖ్య అనుకుంటే పొరపాటు. పని చేస్తున్న నలభై మందిలో పదిహేను మందికి సొంతంగా చేతికి రూపాయి రాదు.

ఎందుకు పెరిగిందన్న దాని మీద పేచీ

ఆర్థికవేత్తలు ఇక్కడ ఒకే మాట మీద లేరు.

కొందరు దీన్ని ఇబ్బందుల పెరుగుదల అంటారు. కరోనాలో మగవాళ్ల సంపాదన పడిపోయింది, పట్నాల నుంచి తిరిగొచ్చారు, ఇల్లు గడవక ఆడవాళ్లు దొరికిన పని పట్టుకున్నారు అని. 2019-20, 2020-21ల్లో రేటు 30కి, 32.5కి ఎగబాకడం ఈ వాదనకు బలం. కానీ కరోనా పోయాక కూడా పెరుగుదల ఆగలేదు. 2022-23లో 37, ఆ తర్వాత 41.7. కష్టకాలం ఒక్కటే కారణమైతే, కాలం కుదుటపడ్డాక కొంతైనా దిగాలి కదా.

ప్రభుత్వం వైపు నుంచి వినిపించేది ఇంకో మాట. గ్యాస్ పొయ్యి వచ్చింది, ఇంటికి కుళాయి వచ్చింది, పొదుపు సంఘాల అప్పులు అందాయి, దాంతో ఆడవాళ్లకు సమయం, పెట్టుబడి రెండూ చిక్కాయి అని. మన జిల్లాల్లో డ్వాక్రా అప్పుతో ఆవును కొన్న ఇళ్లు లెక్కలేనన్ని, కాబట్టి ఇందులో నిజం లేదని నేను అనలేను. కానీ అవకాశాలే లాక్కొచ్చి ఉంటే జీతగాళ్ల వాటా 21 నుంచి 15.9కి ఎందుకు తగ్గింది? దీనికి ఆ వాదనలో సరైన జవాబు దొరకదు.

మూడో మాట, కొలిచే తీరు బాగుపడిందని. ఆ సర్వే అబ్బాయి అడిగిన రెండో ప్రశ్న లాంటివి ఎక్కువ మంది అడిగితే, ముందు నుంచీ ఉన్న పనే కొత్తగా కనబడుతుంది. 2017-18 అంకె మరీ తక్కువగా వచ్చి ఉండవచ్చని, అక్కడి నుంచి కొలిస్తే ఏదైనా పెద్ద ఎత్తుగానే కనిపిస్తుందని వీళ్లంటారు. మూడు కారణాలూ కలిసి పని చేశాయనే నేననుకుంటున్నాను. పల్లెల్లో అంత పెరిగి, పట్నాల్లో నూటికి అయిదుగురే పెరగడం చూస్తే, పొలం, పాడి చుట్టూ జరిగిన మార్పే ఇందులో ప్రధానమైనది.

చదువు పెరిగితే పని తగ్గడమేమిటి?

చాలా మందిని తికమక పెట్టే ప్రశ్న ఇది. తిరుపతిలో ఆడపిల్లల కోసం పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం 1983లోనే వచ్చింది. అప్పటి నుంచి చదువు పెరుగుతూనే ఉంది. మరి 2004 నుంచి 2017 దాకా పని చేసే ఆడవాళ్లు ఎందుకు తగ్గారు?

దీనికి ఆర్థికశాస్త్రంలో ఒక బొమ్మ ఉంది. ఇంగ్లిష్ అక్షరం ‘యూ’ ఆకారంలో ఉంటుంది. దేశం పేదగా ఉన్నప్పుడు ఆడవాళ్లందరూ పొలంలో ఉంటారు. కాస్త కలిగినప్పుడు, ముఖ్యంగా మగవాళ్లకు ఫ్యాక్టరీ జీతాలు వచ్చినప్పుడు, ఆడవాళ్లు ఇంటికి మళ్లుతారు. చదువుతో కూడిన ఆఫీసు ఉద్యోగాలు పెరిగాక మళ్లీ బయటికి వస్తారు. అమెరికా చరిత్రలో దీన్ని వివరంగా చూపినవారిలో ముఖ్యులు క్లాడియా గోల్డిన్. మహిళల శ్రామిక చరిత్ర మీద ఆమె చేసిన కృషికి 2023లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

మన ఇళ్లలో మూడు తరాలను వరసగా నిలబెడితే ఆ బొమ్మ కొంత కనిపిస్తుంది. మా అవ్వ చెనిక్కాయ (వేరుశనగ) చేలల్లో కలుపు తీసి, చెట్లు పీకి, కాయలు వలిచిన మనిషి. మా అమ్మ, నాన్నకు ఉద్యోగం వచ్చాక ‘ఇంక చేనికి పోనక్కర్లేదు’ అన్న మాటను గౌరవంగా భావించిన మనిషి. అందులో తప్పేముంది? ఎండలో వంగి చేసే కూలి నుంచి తప్పించుకోవడం ఆమెకు విడుదలే. రేటు తగ్గిన ప్రతిసారీ అది ఆడవాళ్లకు నష్టమనుకోవడం ఆ తరాన్ని అర్థం చేసుకోకపోవడమే. మా తరం అమ్మాయిలు డిగ్రీ చేతిలో పెట్టుకుని, చదువుకు తగ్గ పని కోసం చూస్తున్నారు. కూలికి పోలేరు, ఆఫీసు దొరకదు. ‘యూ’ అడుగున ఉండేది ఈ ఎదురుచూపే.

అయితే ఆ బొమ్మ అన్ని చోట్లా పనికిరాదు. వియత్నాంలో నూటికి అరవై మందికి పైగా ఆడవాళ్లు శ్రామిక శక్తిలో ఉన్నారు. బంగ్లాదేశ్‌లో చదువు పెద్దగా లేని అమ్మాయిలను కూడా బట్టల ఫ్యాక్టరీలు లక్షల్లో తీసుకున్నాయి. ఫ్యాక్టరీ అంటే మగవాళ్లదే అన్న మొదటి మెట్టును ఆ దేశాలు దాటేశాయి. మన దగ్గర చెనిక్కాయ సాగు తగ్గుతూ వచ్చింది, అందులోని ఆడకూలీల పనీ తగ్గింది, దాని స్థానంలోకి అంత పెద్ద ఎత్తున వేరే పని రాలేదు.

కొంత వచ్చిన చోటు శ్రీసిటీ. సత్యవేడు, వరదయ్యపాలెం మండలాల్లో, తమిళనాడు సరిహద్దులో ఉంది. 2015లో ఫాక్స్‌కాన్ అక్కడ ఫోన్ల తయారీ మొదలుపెట్టాక చుట్టుపక్కల పల్లెల అమ్మాయిలు కంపెనీ బస్సులెక్కి షిఫ్టులకు పోవడం మామూలు దృశ్యమైంది. మెడలో ఐడీ కార్డు, చేతిలో టిఫిన్ బాక్స్. ఇంటర్, డిప్లొమా చదివినవాళ్లు, పెళ్లి కానివాళ్లు ఎక్కువ. పెళ్లయ్యాక ఎందరు అదే బస్సులో ఉంటారన్నది అసలు ప్రశ్న. అది పట్నాల లెక్కకు తీసుకెళుతుంది.

పది వేల జీతంలో మిగిలేదెంత?

తిరుపతి పట్నం. మూడేళ్ల బిడ్డ ఉన్న తల్లికి బట్టల షోరూంలో పని దొరికిందనుకుందాం. లెక్క కోసం జీతం నెలకు పది వేలు అనుకుందాం. బిడ్డను చూసేందుకు పక్కింటామెకు మూడు వేలు. పోనూ రానూ షేర్ ఆటో రోజుకు నలభై, 26 రోజులకు 1,040. ఇన్నాళ్లూ ఇంట్లో కుట్టుపనితో మూడు వేలు వచ్చేవి, అవి ఇక రావు. నికరంగా ఇంటికి కొత్తగా వచ్చేది 2,960 రూపాయలు. రాకపోకలతో కలిపి రోజుకు పదకొండు గంటలు బయట ఉంటుంది. నెలకు 286 గంటలు. గంటకు పది రూపాయల పైచిలుకు.

‘మా కోడలికి ఉద్యోగం అక్కర్లేదులే’ అని అత్తగారు అంటే అది పాతకాలపు పట్టింపే అనుకుంటాం. చాలాసార్లు పట్టింపే. కొన్నిసార్లు ఆ మాట వెనక ఈ కూడికలు, తీసివేతలు కూడా ఉంటాయి.

ఇదే లెక్కలో ఉచిత బస్సును పెట్టి చూడండి. ఆటోకు బదులు ఆర్టీసీ బస్సు అందితే 1,040 మిగులుతుంది. 2,960 కాస్తా 4,000 అవుతుంది. గంటకు 14. మేలే, తక్కువేం కాదు. బస్సు బదులు బిడ్డను చూసుకునే ఏర్పాటు ఉచితంగా దొరికితే 5,960. రెండూ కలిస్తే 7,000. ప్రయాణం కంటే బిడ్డ సంగతే పెద్దదని ఈ చిన్న లెక్క చెబుతుంది. 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజనాల చట్టం సెలవును 12 నుంచి 26 వారాలకు పెంచింది, 50 మంది, అంతకు మించి పనిచేసే చోట క్రెష్ (పిల్లల్ని చూసుకునే చోటు) ఉండాలంది. పదిమంది పనిచేసే షాపుకు ఆ క్రెష్ నిబంధన వర్తించదు.

ఇంటి దగ్గర ఎదురుచూస్తున్న పని సంగతి ఇంకా ఉంది. సమయ వినియోగ సర్వే ప్రకారం 2024లో జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు 289 నిమిషాలు పెడుతున్నారు. ఆ పని చేసే మగవాళ్లు 88. అయిదేళ్ల కిందట 2019లో ఆడవాళ్లు 299, మగవాళ్లు 97. ఆడవాళ్ల భారం పది నిమిషాలు తగ్గిందని సంతోషించేలోగా మగవాళ్లది కూడా తొమ్మిది తగ్గింది.

రాత్రి షిఫ్టు: హక్కా, ఒత్తిడా?

1948 ఫ్యాక్టరీల చట్టం ఆడవాళ్లను రాత్రి ఏడు నుంచి ఉదయం ఆరు దాకా ఫ్యాక్టరీలో పని చేయించరాదని చెప్పింది. రక్షణ కోసమే పెట్టిన నియమం. కానీ మూడు షిఫ్టులు నడిచే ఫ్యాక్టరీలు ఆడవాళ్లను తీసుకోవడానికి వెనకాడడానికి అదే సాకైంది. కొత్త కోడ్‌లు సమ్మతి, భద్రత, రవాణా షరతులతో తలుపు తెరిచాయి. మన రాష్ట్రం కూడా 2025లో ఈ దారిలోనే చట్టాన్ని సవరిస్తూ రోజు పనిగంటల పరిమితిని 9 నుంచి 10కి పెంచింది.

సమర్థించేవాళ్లు అడిగేది సూటి ప్రశ్న. ఆస్పత్రిలో నర్సు రాత్రంతా పని చేస్తే ఎవరికీ అభ్యంతరం లేదు, ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ అవుతానంటేనే ఎందుకు? కార్మిక సంఘాలు అడిగేదీ సూటిదే. ఉద్యోగం పోతుందన్న భయం ఉన్నచోట సమ్మతి కాగితం మీద సంతకానికి విలువెంత? పైగా పది గంటల పని, రాకపోకలు కలిపితే చంటిబిడ్డ తల్లి ఆ ఉద్యోగంలో నిలవగలదా?

నాకు రెండు ప్రశ్నలూ న్యాయంగానే కనిపిస్తాయి. ఈ వాదనలో తరచూ జారిపోయే చిన్న వివరం ఒకటి ఉంది. కంపెనీ బస్సు మెయిన్ రోడ్డు దాకా వస్తుంది. అక్కడి నుంచి పల్లెకు కిలోమీటరో రెండు కిలోమీటర్లో మట్టి దారి. రాత్రి పదకొండింటికి ఆ దారిలో లైటు ఉండదు. తండ్రో తమ్ముడో బండి మీద ఎదురొస్తేనే ఆ అమ్మాయి ఉద్యోగం నడుస్తుంది. వాళ్లకు ఓపిక తప్పిన రోజు అమ్మాయి మానేస్తుంది. సర్వేలో ఆమెకు పడే కోడ్ 92.

పాల బిల్లు ఎవరి పేరు మీద?

మళ్లీ మా అత్త దగ్గరకు వస్తాను. ఆ నాలుగు ఆవుల్లో రెండు డ్వాక్రా అప్పుతో కొన్నవి. అప్పు ఆమె పేరు మీద ఉంది. నెల నెలా కంతు కట్టకపోతే సంఘం మీటింగులో మాట పడేది ఆమె. పాల సెంటర్‌లో ఖాతా మాత్రం మామ పేరు మీద ఉంది. ఎందుకంటే పొద్దున్నే బండి మీద క్యాన్ తీసుకెళ్లేది ఆయన. మామ చెడ్డవాడు కాదు. డబ్బు ఇంట్లోకే వస్తుంది. అయినా అత్త తన మనవరాలికి కాళ్ల పట్టీలు కొనాలంటే మామను అడగాలి.

ఆమె ‘సొంత సంపాదన’ గల మనిషా, ‘జీతం లేని సహాయకురాలా’ అన్నది చాలాసార్లు ఆ ఖాతా పుస్తకం మీది పేరుతో తేలుతుంది. కోడ్ 21కీ 11కీ తేడా అదే. చాకిరీలో తేడా ఏమీ లేదు.

ఇప్పుడు జనాభా లెక్కలు వస్తున్నాయి. 2027 మార్చి 1 ప్రామాణిక తేదీ. గత 2011 లెక్కల్లో అన్ని వయసుల ఆడవాళ్లలో పని చేసేవాళ్లు 25.5 శాతమని తేలింది. లెక్కలు రాసుకునే మనిషి మళ్లీ గుమ్మం ముందుకు వస్తాడు, ఈసారి ప్రతి ఇంటికీ వస్తాడు. పోయిన నెల ఊరికి వెళ్లినప్పుడు అత్తను అడిగాను.

“అత్తా, ఈతూరి వాళ్లొచ్చి నువ్వేం పని చేస్తావంటే ఏం చెబుతావ్?”

ఆమె పొదుగు కడుగుతూ, తల తిప్పకుండానే అంది. “మీ మామ చెబుతాడు కదరా.”

“మామ లేనప్పుడు వస్తే?”

చెంబు కింద పెట్టింది. “నాలుగావులు మేపతాను, పూటకు పద్దెనిమిది లీటర్లు పోస్తాను అని చెబుతా. అది పనేనా అని వాళ్లు అడగరు కదా?”

“అడగరత్తా. అదే చెప్పు.”